సబ్బునురగ వరస

ఈ కోటకి గోడ లేదు.
వచ్చినరోజు బండి దిగి వెతికాను, వాకిలి ఏదీ అని.
బండివాడు కొరడాతో చూపించాడు
నాలుగు దిక్కులా గడ్డిని.

మధ్యలో జెండాకర్ర.
దానికి ఉత్తరాన ఆఫీసర్ల ఇళ్ళు, తెల్లరంగు ముందువైపు మాత్రమే.
నాకు వాటి వెనకవైపే తెలుసు,
ఉతికిన బట్టలు ఇచ్చేది అటునుంచేగా.
దక్షిణాన బారకాసులు:
పొయ్యి దగ్గరవాడు ఉడికి, గోడవారవాడు బిగుసుకుపోయి
ఇద్దరూ ఒకేసారి దగ్గుతారు.
ఆ దిగువన గుర్రాలశాల.
దానికీ దిగువన, వాగు వంపులో, మేము.
మట్టి ఇటుకల గదులు ఐదు, కాన్వాసు కప్పు,
ఐదు బానలు, ఐదుగురం ఆడవాళ్ళం.
గుర్రాలు తాగి వదిలిన నీళ్ళే మాకు.

రిజిస్టరులో నేను: ఒనోరా కీగన్, చాకలి, జి కంపెనీ.
రోజుకొక రేషను. రొట్టె ఎప్పుడూ నిన్నటిదే,
తాజాది కడుపుకి చేటని డాక్టరు మాట.

మొహాలకన్నా ముందు చొక్కాలు గుర్తొస్తాయి నాకు.
లూడెకె కాపలా రాత్రుల్లో మెడపట్టీ నములుతాడు.
సార్జంట్ టుమల్టీ చేతిగుడ్డలో ఎవరిదో పొడుగాటి వెంట్రుక,
ప్రతి సోమవారం అదే, నేను తీసి మళ్ళీ అందులోనే పెడతాను.
కొత్త కుర్రాడు రెండుసార్లు దుప్పటి తడిపాడు.
చీకటితోనే మొదటి బానలో వేశాను.

లేవడానికి ఒక బాకా, గుర్రాల నీళ్ళకొకటి,
కట్టెలకొకటి, జబ్బుపడ్డవాళ్ళకొకటి.
యుద్ధానికీ ఒకటుందట.
యుద్ధమంటే నేను చూసింది గడ్డి కోయడం,
వాగుమీద మంచు కోయడం,
నిరుడు తవ్విన పాయిఖానాని ఈ ఏడు అవతలికి జరపడం.

చలికాలంలో ఒక లకోటా ఆవిడ వచ్చేది,
వాగు దిగువ గుడారాల నుంచి.
సబ్బుముక్కకి దంచి ఎండబెట్టిన పళ్ళబిళ్ళలు నాలుగు.
పేరు చెప్పింది ఒకసారి.
నా నోట్లో అది ఎక్కడో విరిగింది.
నవ్వింది. మళ్ళీ చెప్పలేదు.
నా పేరు మాత్రం పలికేది, ఓ-నో-రా,
మూడు మెట్లు దిగినట్టు.

మార్చిలో ఒక రాత్రి ఏ బాకా లేకుండానే
జి కంపెనీ గుర్రాలెక్కింది.
నాలుగోరోజు తిరిగొచ్చారు.
ఆ వారం బట్టలన్నీ పొగవాసన,
పొయ్యి పొగ కాదు,
తోలు కాలిన పొగ.
లూడెకె మెడపట్టీ సగం లేదు.
కుర్రాడు తన చొక్కా తానే ఉతుక్కుంటానన్నాడు.
నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేదు.
బానలో రెండుసార్లు సబ్బు మార్చాను.

తర్వాత కట్టెలకని అటు వెళ్ళాను.
గడ్డిలో గుండ్రంగా నల్లటి చోట్లు, పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

ఇవాళ సోమవారం.
దండెం నిండా చొక్కాలు, చేతులు కిందికి వేలాడేసి.
నీలిమందు కలిపిన ఆఖరి బాన
వాగులో ఒంపాను.
నీలం కాసేపు ఒడ్డుని పట్టుకుని నిలబడి,
తర్వాత అటే పోయింది,
ఈ వాగు పోయేది అటే.