ఏడు వందల పదమూడు

పరికరం మొదట అడిగేది ఊరి పేరు.
త్సెవెల్మా నవ్వి, నా గిన్నెలో ఉప్పు వేసిన పాలటీ పోస్తూ
"ఏ నెలలో?" అంది.

ఏడాదికి నాలుగుసార్లు గుడారం విప్పి కట్టే మనిషి.
ఒంటె మీద తలుపు, మోటార్‌సైకిల్ వెనక సోలార్ పలక,
గడ్డి ఎటుంటే అటే గడప.
నేను సహకార సంఘం మనిషిని.
నెలజీతం, బండికి పెట్రోలు, ఒక స్కానర్.
మేక చెవికి ఆనిస్తే కీచుమంటుంది.

బయన్‌హొంగోర్‌లో ఏప్రిల్ ఇంకా చలికాలమే.
మూడు కాళ్లు కట్టి మేకని పడుకోబెట్టి
వంకర పళ్ల ఇనుప దువ్వెనతో
పైవెంట్రుక కింద దాక్కున్న నూగుని తీస్తుంది,
జ్వరమొచ్చిన పిల్ల తల దువ్వినట్టు.
మేకకి మూడొందల గ్రాములు. ఒక్కోసారి అదీ లేదు.
సంచికి చీటీ. చీటీ మీద నల్లటి గళ్లు.
గళ్లలో తేదీ, తూకం, చెవి నంబరు.

మునుపు లారీవాళ్లు వచ్చేవారు.
మంచిదీ చెడ్డదీ ఒకే గోతంలో తొక్కి
తూకానికి తామే ఇసుక చల్లి
ఆ ఇసుక నీదేనని దబాయించి ధర కోసేవారు.
ఇప్పుడు కల్తీ ఏ మజిలీలో జరిగిందో
పరికరం వేలు పెట్టి చూపిస్తుంది.
మనవరాలు ఒయున్‌కి కళ్లద్దాలు
ఆ పెరిగిన ధరతోనే వచ్చాయి.
కాబట్టి యంత్రాన్ని నేను తిట్టను.

రంగు అనే గడిలో మూడే ఉన్నాయి:
తెలుపు, గోధుమ, నలుపు.
త్సెవెల్మా చెప్పేవి వేరు:
పొగచూరిన తెలుపు,
పాత టీ మరక,
ఆరిపోతున్న బూడిద,
నక్క పొట్ట.
ఏడు వందల పదమూడుది నక్క పొట్ట.
నేను గోధుమ నొక్కాను.
ఆమె నా వేలి వంక చూసింది, ఏమీ అనలేదు.

ఆ నూగు ఉలాన్‌బాతర్‌లో చిక్కు వదిలి
ఎక్కడో దారమై, రంగు వేయకుండానే మఫ్లరై
బెర్గెన్‌లో వాన ఆగని ఒక వీధిలో
ఒక మెడని చుట్టుకుంది.
అంచున కుట్టిన చీటీకి ఫోను చూపిస్తే
మేక బొమ్మ వస్తుంది, నేను తీసిందే,
నన్ను కాక నా జేబులోని బిస్కెట్టుని చూస్తూ.
కింద ఆకుపచ్చ చుక్క: మేస్తోంది.

ఆ చలికాలం జుద్ వచ్చింది.
మంచు ఒక పగలు కరిగి, రాత్రికి గాజై
గడ్డికి మూత వేసింది.
గడ్డి కనిపిస్తుంది. నోటికి అందదు.
నాలుగు వందల్లో తొంభై ఒకటి మిగిలాయి.
నిలబడే చచ్చినవాటిని
గొంబో ఒక్కొక్కటిగా దక్షిణపు వాలుకి ఈడ్చాడు.
నేను స్కానర్ పట్టుకుని ఆ గుట్ట చుట్టూ తిరిగాను.
గడ్డకట్టిన చెవులు కూడా కీచుమంటాయి.
ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మార్చిలో కబురు:
"ఏడు వందల పదమూడు ఎలా ఉంది?
మా అమ్మాయి రోజూ అడుగుతోంది.
చలికి ఇబ్బంది పడటం లేదు కదా? ఇట్లు, గున్‌వోర్."

స్థితి అనే గడి తెరిచాను.
మేస్తోంది. దువ్వారు. అమ్మారు. స్థలం మారింది.
అంతే.
నూగు అమ్ముడుపోయాక మేక చావడమన్నది
ఆ గడి గీసినవాళ్లకి తోచలేదు.
త్సెవెల్మాకి నాలుగూ చదివి వినిపించాను.
ఆమె పొయ్యిలో పిడక సర్దింది, ఇంకొకటి సర్దింది,
"చివరిది నొక్కు" అంది. "అబద్ధమేం కాదు."

కొత్త స్థలం చెప్పమంది పరికరం.
ఖాళీ వదిలితే ఒప్పుకోదు.
వాలు దాకా నడిచి
ఆకాశంలోంచి అంకెలు దిగేవరకు
చేయి పైకెత్తి నిలబడ్డాను.
బెర్గెన్‌కి మాత్రం ఉన్నదున్నట్టు రాశాను, మూడే వాక్యాలు,
రెండోసారి చదువుకోకుండా పంపాను.

మే నెలలో మళ్లీ అటు వెళ్తే
గుడారం లేదు. నేల మీద గుండ్రటి పసుపు మచ్చ.
వాలు మీద గడ్డి అందరికంటే ముందు మొలిచింది.
పటంలో నా చుక్కా దాని చుక్కా
ఒకదాని మీద ఒకటి.
జేబులో ఫోను వణికింది.
రెండు నెలల తర్వాత, గున్‌వోర్:

"పాప ఏడ్చింది. ఇప్పుడు పర్వాలేదు.
మఫ్లర్ కిటికీ దగ్గర పట్టుకుని చూస్తోంది.
అది గోధుమ కాదట.
మరి ఏం రంగు?"