పడిపోయే ఆట

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో
నేను పడిపోతాను.
పొయ్యి కట్టేసి, చెప్పులు విడిచి,
మోకాళ్లు నొప్పెట్టకుండా దుప్పటి మడత పరుచుకుని
మరీ పడిపోతాను.
రాయెన్‌కి ఐదేళ్లు. పక్కన గొంతుక్కూర్చుని
నా కనురెప్ప ఎత్తి చూస్తుంది,
బజార్లో చేప మొప్ప ఎత్తి చూసినట్టు.

వల్పరాయిసోలో కొండ కొమ్మున ఉంటాం.
రేకు గోడలు, వాటికి ఓడలకు వేయగా మిగిలిన రంగు.
కింద సముద్రం, రేవు క్రేన్లు,
పైన మేము. మధ్యలో మెట్లు.
ఇక్కడికి ఏ బండీ రాదు.
గ్యాస్ సిలిండరు కూడా మనిషి భుజమ్మీదే ఎక్కుతుంది.

నా ఒంట్లో చక్కెర ఎప్పుడు జారిపోతుందో
నాకే తెలియదు.
చేపల గిడ్డంగిలో ఒకసారి జారింది.
ఐసు పెట్టెల మధ్య కూలబడితే
చలికి వణుకుతున్నాననుకున్నారు.
అక్కడైతే పదిమంది ఉన్నారు.
ఇంట్లో ఇది ఒక్కతే.

అందుకే ఆట.
"అమ్మ కళ్లు తెరిచి ఉంటే?"
"పళ్లరసం."
"మూసుకుని ఉంటే?"
"నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకి దొర్లించాలి. ఫోను."
"ఫోన్లో?"
"ఒకటి, మూడు, ఒకటి."
కాసేపాగి అదే నన్నడిగింది:
"ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసుకుని ఉంటే?"
డాక్టరిచ్చిన కాగితంలో దానికి జవాబు లేదు.

భయపెట్టకుండా భయం నేర్పడం
నాకెవరూ నేర్పలేదు.
భూమి కదిలినప్పుడల్లా మా అమ్మ
ఏడుపు ఆపడానికి ముందొక దెబ్బ వేసి
తర్వాత చంకనేసుకునేది.
నిప్పంటే నోరు కాలదు కదా అనుకుంటూ నేను
వారం వారం ఆ మాటలు పలికిస్తున్నాను.

చిరునామా దగ్గరే చిక్కు.
మా సందుకి పేరుంది, బోర్డు లేదు.
"నూట పన్నెండు మెట్లెక్కాలి,
ఆవపిండి రంగు తలుపు, తోక లేని కుక్క"
అని వల్లె వేయించాను.
క్లినిక్కులో రాయించిందీ అదే.
ఎదురింటి దోన్ ఎలెయుతేరియో చెప్పేదీ,
ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పిందీ
నూట పన్నెండే.

మొన్న బుధవారం బడి నుంచి ఆలస్యంగా వచ్చింది.
తిట్టబోతే జేబు బోర్లించింది.
చిక్కుడు గింజలు.
"పది మెట్లకో గింజ, అమ్మా.
పది గింజలయ్యాయి, పైన తొమ్మిది మెట్లు.
మళ్లీ దిగి ఎక్కాను. మళ్లీ అంతే."

టార్చి పట్టుకుని ఇద్దరం దిగాం.
మలుపు దగ్గర, ఆ చలికాలం వానకి
మట్టి జారిన చోట
మూడు మెట్లు లేవు.
ఎవరో సిమెంటు పులిమి నున్నగా వాలు చేశారు.
ఎన్నేళ్లయిందో!
పొద్దునా సాయంత్రం నా కాళ్లు దాని మీదుగానే వెళ్తాయి.
ఒక్క రోజూ నాతో చెప్పలేదు.

"నువ్వు చెప్పినట్టే చెబితే
వాళ్లు ముళ్లపొద తలుపు కొడతారు" అంది రాయెన్.
నిజమే. మా గుమ్మం దాటి మూడు మెట్ల పైన
ముళ్లపొద తప్ప ఏం లేదు.
దోన్ ఎలెయుతేరియో ఒప్పుకోలేదు.
"పన్నెండే" అని తలుపేసుకున్నాడు.
తెల్లారి చూస్తే ఆయన మలుపులో నిలబడి ఉన్నాడు,
పెదవులు కదుల్తున్నాయి,
నన్ను చూసి దగ్గాడు.

ఈ శుక్రవారం దుప్పటి తనే పరిచింది.
"ఇవాళ నేను పడిపోతాను. నువ్వు చెప్పు."
ఒక చెయ్యి పొట్ట కింద నలిగి,
జుట్టు మొహం మీద పడి,
నోరు కొంచెం తెరుచుకుని
నాకంటే బాగా పడింది.

పాత ఫోను తీశాను, తీగ లేనిదే.
ఒకటి, అన్నాను.
మూడు, అన్నాను.
కింద రేవులో ఏదో ఓడ కూసింది.
అది ఆగాక కూడా
నేనలాగే నిలబడి ఉన్నాను.

కళ్లు తెరవకుండానే,
బల్ల కింద నుంచి పక్క పిల్లకి జవాబు చెప్పినట్టు
నెమ్మదిగా
"ఒకటి" అని అందించింది.