కరెంటొచ్చిన పావుగంటకు

"ఎన్ని గంటలకు మొదలైందమ్మా?"
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మూడోసారి అడిగింది.
నాకాడ వాచీ యాడిది?
"త్రీఫేజు వచ్చిన పావుగంటకు" అంటిని.

డ్రిప్పు పైపు నోట పెట్టి ఊదుతున్నాడు ఆయప్ప,
ఉప్పు పట్టిన బెజ్జం తెరుచుకోలా.
గాలి మూతికి ఒకపక్కనుంచే పోయింది.
"సుంకులా" అనబోయి
"టమేటా" అన్నాడు.

స్ట్రెచరు తోసే పిల్లోడిది మా పత్తికొండే.
సబ్‌స్టేషనుకు ఫోను కొట్టినాడు:
"ఈ వారం ఆ ఫీడరుకు తెల్లార్జామున నాలుక్కి."
అప్పుడు చూడాల డాక్టరమ్మ నడక!

తొడకాడ చిన్న బెజ్జం,
అక్కణ్ణుంచి మెదడుదాకా వెంట్రుకంత తీగ, అంట.
నేను బయట, గట్టుమీద కూచున్నట్టే కూచుంటి.
కాళ్లకు బురద ఎండి రాలుతోంది.
ఊడ్చే ఆమె ఏమీ అనలేదు.

తడిగుడ్డ మీద చూపించిరి:
రెండు ఉలవగింజలంత, నల్లెర్రగా.
ఇంతదా
ఆరడుగుల మనిషిని మళ్లో పడేసింది!

పొద్దు వాలినాక కుడిచెయ్యి కదిలె.
మూతి వంకర ఇంకా పోలా.
కూడబలుక్కొని, కూడబలుక్కొని అడిగినాడు:
"మోటరు ఆపితివా?"

ఆపలేదు.
ఆపినాననే చెప్తి.
కరెంటే పోయింటాదిలే అప్పటికి.