సూది లేపు

రష్యా పుస్తకాల బండి ఆర్టీసీ క్రాస్ రోడ్ల కాడ ఆగిన రోజు
మా నాయిన అయిదు రూపాయలు పెట్టి ఒక రికార్డు కొన్నడు.
అట్టమీది అక్షరాలు బోర్లేసిన కుర్చీల లెక్క ఉన్నయి.
యూనియన్ పాటలే అయుంటయనుకున్నడు,
అజామాబాద్ గేటు ముంగట పాడుకోవచ్చని.

ఆఫీసుల మూలకు పడ్డ ప్లేయరు తెచ్చి సూది పెట్టంగనే
ఒక్కటే పీక,
తన గొంతుకు అందని ఎత్తుల నిలబడి
నిద్రల ఏడ్చినట్టు.
"ఆగుండ్రి, కోరస్ వస్తది" అన్నడు నాయిన.
రాలే.

తొక్కుడు వచ్చింది.
అదే మాట, అదే మాట, అదే మాట.
దెబ్బ యాడ పడ్తదో మాత్రం తెల్వదు,
బ్రేకుల్లేని ట్రాలీ ఆటో
ముషీరాబాద్ గుంతలన్నీ లెక్కపెట్టినట్టు.

పారిసుల మొదటిసారి ఆడిన రాత్రి
జనం ఈలలేసిర్రంట, కొట్టుకున్నరంట.
ఆడేటోళ్లకు వాయిద్యాలు వినబడక
తెర చాటున ఒకాయన కుర్చీ ఎక్కి అంకెలు అరిసిండంట.
అదంతా తర్వాత చదువుకున్న ముచ్చట.
మా ఇంటి గోడకైతే
పక్కింటి జహంగీర్ బీ రోకలి పెట్టి కొట్టింది.
ఆ దెబ్బ కూడ సరిగ్గ తాళంలనే పడ్డది.

మూడోరోజు డప్పు ఎల్లమంద తాత చాయ్ కోసమని వచ్చి
చాయ్ సల్లారేదాక కదల్లే.
"ఇది పెండ్లికి కాదు, సావుకు కాదు.
నడిమిట్ల ఎవరినో నిలబెట్టిర్రు" అన్నడు.
ఒకచోట గట్టిగ దెబ్బలు పడంగ
స్టవ్వు మూతమీద ఏలు పెట్టి ఆపిండు.
"పదకొండు. చూసినవా?
పది దెబ్బలకు మనిషి ఊపిరి తీసుకుంటడు.
పదకొండోది తీసుకోనియ్యదు."

రష్యన్ నేర్చిన వీరమల్లు సారు అట్ట చదివి చెప్పిండు:
చలి పోయి చిగురు రావాలె.
ముసలోళ్లు గుండ్రంగ చేరి ఒక పిల్లను ఎంచుతరు.
అది పానం పోయేదాక ఎగరాలె.

నాయిన చేతుల సగం కాలిన బీడీ అట్లనే ఆరిపోయింది.
సిగరెట్ ఫ్యాక్టరీల షిఫ్టు దిగి వచ్చిన అమ్మ
కొంగుల పొగాకు దులుపుకుంట అడిగింది,
"ఆ ముసలోళ్లేం చేస్తరు?"
"చూస్తరు."
"ఆళ్లెందుకు ఎగురరు?"

గప్పటిసంది
రెండోపక్క ఆఖరుకు వస్తుందంటే
బియ్యం కడుగుతున్నా, తుమ్ముతున్నా, తడిచేతులతోనే వచ్చి
సూది లేపేది.
మా ఇంట్ల ఆ పిల్ల ఒక్కసారి కూడ సావలే.
పంతొమ్మిది ఏండ్లు ఎగిరింది.
ఎండాకాలాలు వాటి తొవ్వల అవే వచ్చినయి.

రికార్డు ఇంక ఉన్నది.
అంతట గీతలే, బూడిద రంగు.
నడిమి కాగితం పక్కన వెంట్రుకంత జాగ మాత్రం
నిన్న కొన్నట్టు నల్లగ.

మొన్న మెట్రోల నిలబడి
ఫోన్ల ఎతికి పెట్టుకున్న, ఈసారి మొత్తం విందామని.
పదకొండు దాటింది.
రైలు గాంధీ ఆసుపత్రి దాటింది.
సన్నగ పిల్లనగ్రోవి ఒకటి పైకి పాకింది,
ఇగ మిగిలింది ఒక్కటే దెబ్బ.

నా చెయ్యి, తడి లేదు, పొగాకు వాసన లేదు,
చెవుల వైరు గుంజేసింది.

తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి అన్నది గొంతు.
బరువైన సంచి ఏసుకున్న పిల్ల ఎవరో
నన్ను తోసుకుంట దిగి
మెట్లమీద రెండు రెండు దాటుకుంట పోయింది.