కొమ్ముకు కట్టిన పలక

మా రంగంపేటలో పశువుల పండగ నాడు
ఎద్దు కొమ్ములకు పలక కట్టి వదులుతారు.
దుమ్ములో ఎదురుపోయి, మూపురం పట్టి యేలాడి
ఆ పలక నేను లాక్కుంటే
మా తాత చెంగల్రాయుడు
మూడు వీధులూ తిరిగి చెప్పుకునె.

బడి పలకను మాత్రం
పదేండ్లయినా పట్టలేకపోతిని.

అక్షరాలకూ కొమ్ములుంటాయి గదా. అవీ పొడుస్తాయి.
'ప' అనుకుని చెయ్యేస్తే 'ష',
'ష' అని జరిగితే 'ఫ'.
తలకట్లు గాలికి లేచిపోతాయి.
ఒత్తులు పక్కింటి అక్షరం కింద పోయి పడుకుంటాయి.
'రాష్ట్రం' అనే మాట చూడండి,
ఒకడి కాళ్ళు పట్టుకుని ఇంకొకడు
వాడి కాళ్ళు పట్టుకుని మరొకడు
బావిలోకి దిగతా ఉన్నట్టు లేదూ?

చదివే వంతు నా దాకా వచ్చేలోపల
నాకు దగ్గొచ్చేది, కడుపునొప్పి వచ్చేది,
ఒకసారి ముక్కు గిల్లుకుని రక్తం తెప్పించుకుంటిని.
ముందు చదివినోళ్ళ గొంతు విని
పాఠమంతా మనసులో పెట్టుకుని
పుస్తకం చూసినట్టే ఒప్పజెప్పేవాణ్ణి.
ఏడో తరగతిలో ఒకనాడు
పుస్తకం తలకిందులుగా ఉండె.
దొరికిపోతిని.

మంగళవారం మంగళవారం తిరపతి నుంచి
తొమ్మిదిన్నర బస్సులో హేమసుందరి మేడం దిగేది.
తిట్టలేదు.
"ఎంత జ్ఞాపకంరా నీకు!" అనింది.
ఆ మాటకు ఏం జెయ్యాల్నో తెలీక
కిటికీ చువ్వలు లెక్కబెడ్తా నిలబడితిని.

అట్టముక్కకు సన్నగా కిటికీ కోసిచ్చింది,
ఒక్క వరసే కనపడేట్టు.
పేజీ మీద పసుప్పచ్చ కవరు పరిచింది,
పెండ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు.
చెవుల్లో తీగలు పెట్టి, ఫోను నొక్కింది.

ఆడగొంతు. ఆయాసం లేని గొంతు.
అది పలికే మాట మీదే వెలుగు జరగతా పోతాది,
రాత్రి నీళ్ళు కట్టేటప్పుడు గట్టు మీద
నాయన టార్చి మాదిరి.
వెలుగు పడిన చోట
అక్షరం కదలకుండా నిలబడె.
నేనూ నిలబడితిని.

కానీ దానికి మా ఊరు తెలీదు.
నోటితో చెప్తే రాస్తాదంట. చెప్తిని:
"మా నాయనకు రెండు బర్రెగొడ్లు."
రాసుకుని తిరిగి చదివింది:
"మా నాయనకు రెండు బ్రెడ్డు గుడ్లు."
మేడం నవ్వె. నేను బెంచీ మీద పడి నవ్వితిని.
నవ్వతా నవ్వతా ఆగిపోతిని.
దానికీ తడబాటే!
దాని మెటికల మీద ఎవరూ స్కేలు తిప్పి కొట్టలేదే!
"ఇంకోసారి చెప్పరా, నిదానంగా" అనింది మేడం,
"అది నేర్చుకుంటాది."

ధనుంజయులు సారు ఒప్పుకోలే.
"ఫోను చదివితే వీడు చదివినట్టా?"
మా తాత చేతులు కట్టుకునే అనె,
"తమరు ఆ కండ్లద్దాలు తీసి
ఒక్క పేజీ చదవండి సామీ."

ఇప్పుడు పదో తరగతి.
'ష' ఇంకా పొడస్తానే ఉంది, దాచేదేముంది?
పరీక్ష దగ్గర పడితే కడుపునొప్పీ వస్తాది.

నిన్న రాత్రి గోడకు తగిలించిన ఎద్దు పలక దించితిని.
రంగుతో ఏందో రాసుండాది దాని మీద,
ఇన్నాళ్ళూ అది నాకు ఉత్త గీతలే.
ఫోను పెట్టి చూపిస్తిని.
"గం... రా..." అని నీళ్ళు నమిలి ఊరకుండిపోయె,
పెచ్చులూడిన అక్షరం దానికి అందలే.

అట్టముక్క తెచ్చి పెట్టి
వేలు పెట్టి
పెదాలు కదిలిస్తా, వెనక్కు పోతా, మళ్ళీ వస్తా
పావుగంట.
అమ్మ అన్నం పెట్టుకుని పిలస్తా ఉంది.

"దీని పేరు గంగరాజు.
పొడుస్తాది. జాగర్త."

తెలుసు,
అని దానితో చెప్తిని.