నాలుగు మడతలు

డండీ బడి వంటగదిలో
పంతొమ్మిదేళ్లుగా సూప్ పోస్తున్నాను.
డబ్బు కట్టిన పిల్లలకు పసుపు చీటీ,
కట్టలేనివాళ్లకు నీలం.

మోర్వెన్ తన నీలం చీటీని
నాలుగు మడతలు పెట్టి
గుప్పిట్లో చెమటతో సహా ఇచ్చేది.
కొన్ని రోజులు ఆకలి లేదనేది,
కళ్లు మాత్రం గరిటె వెంటే తిరిగేవి.

టే నది మీది చలిగాలిలో
గడప గడపా ఎక్కి సంతకాలడిగాం.
ఒకాయన తలుపు సందులోంచి
"కన్నవాళ్లదే భారం" అన్నాడు.
ఆయన వెనక మాంసం వేగుతున్న వాసన.

కౌన్సిల్ మూడుసార్లు వాయిదా వేసి
నాలుగోసారి ఒప్పుకుంది:
ఇక అందరికీ ఉచితం, ఒకటే రంగు.

ఈ సోమవారం
మోర్వెన్ వచ్చింది.
పసుపు చీటీ.
నాలుగు మడతలు.

నేను విప్పి చూడలేదు.
గరిటె నిండా పోసి
"ఇంకా?" అన్నాను.

గిన్నె ముందుకు జరిపింది.