లోపలి కుట్టు

మూడు లాంతర్ల దగ్గర నా కుట్టు కొట్టు.
క్యారేజీ అడుగు గిన్నెలో ఆరు వేలు.
మా గుంట హేమసుందరికి కుక్క గావాల,
అదీ ఉంగరాల జుట్టుది.
"పూడిలంటే ఏటే?" అంటే
ఊలు ఉండ తీసి బల్ల మీద దొర్లించింది.
"ఇది నడిస్తే ఎలగుంటాదో అలగ."

జుట్టు రాలదట, ఆయాసం రానివ్వదట.
ఈ 'అట'లన్నీ డాక్టరమ్మ ముందు పెడితే
"హామీ ఏం లేదు.
తెచ్చుకునే ముందు ఓ గంట
ఒళ్లో కూచోబెట్టి చూడండి" అంది.

విశాఖలో అడిగితే నలభై అయిదు వేలు.
ఫోను పెట్టేసి
గుడ్డ లేకుండానే కాసేపు మిషను తొక్కాను.

కొత్తవలసలో ఏడుకే ఇస్తానన్నాడొకడు.
ఇంటికి మాత్రం రావద్దన్నాడు.
బస్టాండు బయట, బండి మీద, ఆపిల్ పళ్ల పెట్టె.
లోపల మూడు పిల్లలు, కళ్లకి పుసి.
"తల్లేదీ?"
"తల్లితో పనేటమ్మా నీకు? పిల్ల గావాలా, వద్దా?"
కొనేముందు బట్ట తిరగేసి చూసే చెయ్యి నాది.
లోపలి కుట్టు చూపించనివాడి దగ్గర
గజం గుడ్డ కూడా కొని ఎరగను.
కానీ పెట్టెలోంచి మా గుంట చెయ్యి తియ్యడానికి
ఏడు వేల కంటే ఎక్కువే అయింది నాకు.
కొంటే ఇంకో పెట్టె వస్తాది,
కొనకపోతే ఈ పెట్టె ఏమవుతాది?
ఆ రాత్రి అన్నం ముందు మొదలైన ప్రశ్న
ఇంకా కుట్టు పడలేదు.

బొబ్బిలిలో దత్తి జగన్నాథం మేష్టారు
గేటు తీసేసరికి తల్లికుక్కే ఎదురొచ్చి
మా చెప్పులు వాసన చూసింది.
ధర చెప్పకుండా ఆయనే మమ్మల్ని అడిగాడు.
దువ్వేదెవరు?
కొట్టు తెరిచుంటే ఇంట్లో ఎవరుంటారు?
రోహిణి ఎండల్లో ఎక్కడ పడుకోబెడతారు?
ఇరవై రెండు వేలు.
టీకాలు, తల్లికి స్కానింగు, రెండేళ్లకొకటే ఈత,
అన్నీ స్కూలు రిజిస్టర్లో గీతలు కొట్టి రాసుకున్నాడు.
ఎక్కువ కాదు. నా దగ్గర లేవు.
ఇవి రెండూ వేరు వేరు మాటలని
ఆ గుమ్మంలో తెలిసింది.
మందుల చీటీ వెనకాల ఆయనే ఓ నంబరు రాసిచ్చాడు.

శ్రీకాకుళంలో సీపాన హైమావతి,
కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం.
పెరట్లో పదకొండు కుక్కలు.
పది మన వీధుల్లోవే.
పదకొండోది నాగావళి వంతెన కింద దొరికిందట.
అద్దిల్లు మారుతూ ఎవరో ఒగ్గేసినట్టున్నారు.
సగం పూడిలు, మిగతా సగం ఏ వీధిదో.
నాలుగేళ్లుంటాయి. ఎడమ చెవి వినపడదు.
ఒళ్లంతా కొబ్బరి పీచు.
హేమ ఒళ్లో గంట కూచుంది.
మా గుంట రెండుసార్లు తుమ్మింది. లెక్కపెట్టాను.

ఆపరేషన్‌కీ సూదిమందులకీ అయినంతే అడిగింది
హైమావతి: రెండు వేల ఏడు వందలు.
నా లెక్కలో లైనింగుతో పద్దెనిమిది జాకెట్లు.
ఆదివారం మా ఇంటికొచ్చి
మేడ పిట్టగోడ జానతో కొలిచింది,
గేటు గొళ్లెం ఊపి చూసింది.
"నప్పకపోతే నాకే తిరిగియ్యండి, రోడ్డుకి కాదు."

గుడ్డ కత్తెరతో వెంట్రుకలు కొయ్యకూడదు,
పదును పోద్ది.
కోశాను. పోయింది.
మెడ దగ్గర జడల అడుగున
గులాబీ రంగు రిబ్బను, పువ్వు ముడి,
చర్మంలోకి దిగిపోయి ఉంది.
ఎవరో ముచ్చటపడి కట్టినదే.
తడి గుడ్డ పెట్టి, పోగు తరవాత పోగు విప్పుతుంటే
అది నా బొటనవేలు నాకుతూ కూచుంది.

బాబిన్ అని పిలుస్తాం.
మిషను చప్పుడుకి బెదురుతుందనుకున్నాను.
వినపడని చెవి పైకి పెట్టి
పెడలు పక్కనే పడుకుంటోంది.

కత్తెర సాన పట్టించడానికి నలభై రూపాయలు.
అది పద్దులో రాయలేదు.